పదో నంబరు పానా

డీజిలు అయిపోయి ఆగిందనుకున్న బండి ట్యాంకులో సగానికి డీజిలు ఎలా ఉంటుంది?

తొమ్మిదేళ్లుగా ఈ సందేహం నాతోనే లేస్తుంది, నాతోనే పడుకుంటుంది. పొద్దున దీపం పెట్టి కదిరి నరసింహస్వామి పటం ముందు కళ్లు మూసుకుంటే, స్తోత్రం మధ్యలో వచ్చి కూర్చుంటుంది. మా నాయన అంజినప్పను గుండెనొప్పితో ఆసుపత్రికి తీసుకుపోతూ దారిలో ఆగిపోయిన పాత టెంపోను, దినాలు కాగానే అమ్మేశాను. కొన్నాయన ట్యాంకులో పుల్ల ముంచి చూసి, "సగం ట్యాంకు ఉండాదే, దీనికీ రేటు కడతావా ఏమప్పా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అప్పటికే పదకొండో రోజు భోజనాల దగ్గర, నలుగురి ముందు, మా డ్రైవరు వీరేషును డీజిలు దొంగ అనేశాను. ట్యాంకులోది అమ్ముకుని, మా నాయన ప్రాణం మీదికి తెచ్చినాడని అన్నాను. భయపడి తర్వాత మళ్లీ పోసి ఉంటాడులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దిచెప్పుకోవడం ఒక్క రోజు కూడా కుదురుగా నిలబడలేదు.

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో చెప్పి ముందుకు పోతాను. ఆయుధపూజ మరునాడు, కొత్తగా కొన్న పాత మినీలారీలో మొదటి లోడు టమోటా వేసుకుని మదనపల్లె మార్కెట్టుకు బయలుదేరాను. తనకల్లులో మా అక్క సరళ ఇంటి దగ్గర దిగుతానని అమ్మ కదిరమ్మ నా పక్కన కూర్చుంది. డ్రైవర్లను నమ్మడం మానేశాక స్టీరింగు నేనే నేర్చుకున్నాను. తనకల్లు ఇంకా దూరముండగానే బండి దగ్గింది, గుంజింది, ఆగిపోయింది. రోడ్డు పక్కన మేకలు మేపుతున్న గంగక్క తన ఫోనులో ఒక మెకానిక్కును పిలిచింది. మోటారు సైకిలు దిగి హెల్మెట్టు తీసిన మనిషి వీరేషు.

అతను నన్ను చూశాడు. నేను అతని చేతిలోని సంచి వైపు చూశాను.

"ఎట్ల ఆగింది?" అన్నాడు. వెనక 'అన్నా' లేదు.

"గుంజి గుంజి ఆగిపోయింది."

"డీజిలు?"

ఆ ఒక్క మాటకు నా చెవులు వేడెక్కాయి. "నిన్ననే పోయించినా. ముప్పాతిక ట్యాంకు ఉండాది."

అతను ఇంకేమీ అడగకుండా బానెట్టు ఎత్తాడు. జుట్టు ముందువైపు నెరిసింది. నా మాట తర్వాత మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ అతని చేతికి బండి తాళం ఇవ్వలేదు. తాడిపత్రి పోయి, రాళ్ల లారీలకు పంపులు బాగుచేసే షెడ్డులో చేరాడని విన్నాను. తిరిగొచ్చి తనకల్లులో సొంతంగా షాపు పెట్టాడని వినలేదు. అతని సంగతి ఎవరైనా ఎత్తితే నేను లేచి పోయేవాణ్ణి కదా, ఎవరు చెబుతారు?

"ఆ గొంతు వీరేషుది గదూ?" క్యాబిన్ కిటికీలోంచి అమ్మ తల బయటికి పెట్టింది.

"నేనే పెద్దమ్మా."

"ఎంత చిక్కిపోయినావు నాయనా! నందిని బాగుండాదా? పిల్లోళ్లు?"

"అందరూ బాగుండారు. నీ కళ్లు ఆపరేషనయినట్లుందే?"

"అయింది. ఇప్పుడు అన్నీ కనపడతాండాయి, చూడగూడనివి గూడా," అని అమ్మ నా వైపు చూసి నవ్వింది. అతణ్ణి దొంగ అన్నది నేను. అమ్మ ఏనాడూ అనలేదు. నన్ను కాదనీ అనలేదు.

గంగక్క కర్ర మీద గడ్డం ఆనించి చోద్యం చూస్తోంది. రేడియేటరుకు నిన్న పూసిన పసుపు, కట్టిన బంతిపూల దండ చూసి, "ఇంత పూజ జేయించుకుని ఒగ దినం గూడా నడవలేదా? మా పొట్టేలికి ఇంత దండేసింటే రోంతన్నా ఎగిరుండు," అంది.

"నీ పొట్టేలుకు టమోటా లోడు ఎత్తి చూడక్కా, తెలుస్తాది," అన్నాడు వీరేషు. చేయి ఒక పైపు వెంబడి పోతూ, ప్రతి మలుపు దగ్గరా ఆగి వేలితో తడుముతోంది.

అమ్మ ఊరుకోలేదు. ఆమెకు ఏదైనా అర్థమయ్యేదాకా అడగడం అలవాటు. పురాణం చెప్పే స్వామినీ వదలదు. "డీజిలు పోస్తాం, పొగ వస్తాది. నడుమ దీని కడుపులో ఏం జరుగుతాది నాయనా?"

వీరేషు పని ఆపకుండానే చెప్పాడు. "ట్యాంకు యాన్నో ఎనకుండాది, ఇంజిను ఈడుండాది. డీజిలు దానంతటది రాదు పెద్దమ్మా. ఇదిగో, ఈ చిన్న పంపు లాక్కొస్తాది. వచ్చింది ఈ ఫిల్టర్లో వడగట్టుకోని పెద్ద పంపులోకి పోతాది. పెద్ద పంపు దాన్ని బిగబట్టి, నాలుగు సన్న పైపులకు వరసగా పంచుతాది. ఒగదాని వంతు ఇంగొగదానికి పోదు. పైపు కొనాకు నాజిలుంటాది. దాని బొక్కలు వెంట్రుకంత. ఆడ డీజిలు మంచు మాదిరి చిమ్ముతాది."

"మళ్లా అగ్గి ఎవురు పెడతారు?"

"పెట్రోలు బండికైతే నిప్పురవ్వ గావల్ల. దీనికి అక్కరలే. ఇంజిను లోపల గాలిని అదిమి నలుపుతాది. బాగా నలిపితే గాలి కాగుతాది. ఆ కాకకు డీజిలు తగిలితే చాలు, అదే అంటుకుంటాది."

"చిమ్మినాక మిగిలింది?"

"ఇంజిను తినేదానికన్నా ఎక్కువే వస్తాది పైకి. మిగిలింది ఈ రిటన్ పైపులో మళ్లా ట్యాంకుకే పోతాది."

"దాచుకోదన్నమాట," అంది గంగక్క. "మా ఇంటాయన కంటే నయం. ఆయప్ప జేబులోకి పోయిన దుడ్లు ఏనాడూ ఎనక్కి రాలే."

అమ్మ నవ్వింది. నేనూ వీరేషూ నవ్వలేదు. అతను వంగి ఫిల్టరు కింద ఉన్న చిన్న గాజు గిన్నెను విప్పి, ఎండకు ఎత్తి పట్టాడు. పైన పచ్చగా డీజిలు. కింద తేటగా, వేరే రంగు లేకుండా, ఇంకేదో. రెండింటి మధ్య గీత గీసినట్టు ఉంది.

"నీళ్లు," అన్నాడు మెల్లగా.

"బంకులో కలిపినారు!" నా నోట్లోంచి వెంటనే వచ్చేసింది. "నిన్న పోసేటప్పుడే అనుకుంటి. దొంగ..."

"నీకు ఎవుర్నో ఒగర్ని దొంగ అనకుంటే పొద్దుపోదా?"

అరవలేదు అతను. గిన్నెలో నీళ్లు మట్టిలో పోస్తూ, నీళ్లతోనే అంటున్నట్టుగా అన్నాడు. మట్టి ఆ నీళ్లను చప్పున పీల్చుకుంది. డీజిలు మాత్రం మరకగా పైన నిలిచింది.

"ట్యాంకు అడుగు జూడల్ల. బకెట్టు తీసుకోని రా," అని వెనక్కి నడిచాడు.

బండి పక్కన, ట్యాంకు కింద, ఇద్దరం గొంతుక్కూర్చున్నాం. ఆ మూల నుంచి క్యాబిన్ కనిపించదు. అవతలి వైపు గంగక్క మేకలు టమోటా బాక్సుల మీదికి ముందుకాళ్లు ఎత్తుతున్నాయి, ఆమె వాటిని తిట్టే తిట్లు వినిపిస్తున్నాయి. వీరేషు అడుగు బోల్టు వదులు చేశాడు. ముందు నీళ్లే వచ్చాయి, ధారగా. తర్వాత నీళ్లూ డీజిలూ కలిసి. ఆ ధారలో నల్లగా ఏదో జారి అతని అరచేతిలో పడింది. అతను చూశాడు. వెంటనే పిడికిలి మూశాడు. రెండో చేత్తో బోల్టు బిగించేశాడు.

"ఏందది?"

"చెత్త."

"చూపియ్యి."

"చెత్తన్నా. నువ్వు పోయి ముందర నిలబడు."

తొమ్మిదేళ్ల తర్వాత 'అన్నా' అన్నాడు. అబద్ధం చెప్పడానికి అన్నాడు. అందుకే అతని మణికట్టు పట్టుకున్నాను. విడిపించుకోగలడు, నాకంటే బలమైన చేయి. విడిపించుకోలేదు. నేను ఒక్కొక్క వేలే విప్పాను.

రెండు తులసాకులు. డీజిలుకు నల్లబడి, మెత్తబడి, అరచేతికి అంటుకుపోయి ఉన్నాయి. ఈనెలు మాత్రం చెక్కు చెదరలేదు. రోజూ పూజలో ముట్టుకునే ఆకును ఏ రంగులో ఉన్నా గుర్తుపట్టలేనా?

నిన్న సాయంత్రం కళ్ల ముందుకు వచ్చింది. హారతి అయ్యాక అమ్మ రాగి చెంబు పట్టుకుని బండి చుట్టూ తిరిగింది. ట్యాంకు పక్కన ఆమె వంగిన వీపు చూశాను. ప్రదక్షిణం చేస్తోంది, దండం పెట్టుకుంటోంది అనుకున్నాను.

మా ఇంట్లో ఎద్దులు ఉన్న రోజుల్లో, ఆయుధపూజకు కాడి, నాగలి, కొడవళ్లు వరసగా పెట్టి పూజ చేశాక, ఎద్దుల నోట్లో తీర్థం పోసేది అమ్మ. ఆ పని ఆమెదే, ఇంకెవర్నీ చేయనిచ్చేది కాదు. వానలు లేక, మేత కొనలేక ఎద్దులను అమ్మి, నాయన టెంపో కొన్నాడు. ఎద్దుల చోట బండి వచ్చింది. మరి తీర్థం?

"ఆ సంవత్సరం పూజ పొద్దు పెద్దమ్మ నన్నే అడిగింది," వీరేషు గొంతు తగ్గించి చెప్పాడు. "దీనికి నోరు యాడుండాది వీరేషా అని. నేను నవ్వుకుంటా ట్యాంకు మూత తీసి చూపిస్తి. వేలితో నాలుగు చుక్కలు చిలకరిస్తాదిలే అనుకుంటి. ఎవురో పిలిస్తే అట్ల పోతి. చెంబంతా వంచిందని నాకేమెరిక?"

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మర్నాడు, మీరు అంజినప్పను ఇంగో బండ్లో ఎక్కించుకోని పోయినాక. నేనొక్కణ్ణే ఆడ ఉంటి గదా టెంపో కాడ. అప్పటిదాకా గాలి తీస్తాంటి, స్టార్టు చేస్తాంటి, రోంత దూరం పోతాంటి, ఆగిపోతాంటి. నీళ్లు నాజిలు దాకా పోయినాక ఇంగేం కాలుతాది? మీరు పోయినాక ట్యాంకు అడుగు బోల్టు తీస్తి. ఇట్లనే వచ్చెనన్నా. ఇవే ఆకులు."

ఆ రోజు నాయన తల నా ఒడిలో ఉంది. వీరేషు చెమటలు కార్చుకుంటూ ఫిల్టరు దగ్గర వంగి, "ఇది పట్టుకో అన్నా, ఒగ నిమిషం," అని నా చేతికి పదో నంబరు పానా ఇచ్చాడు. అతను ఫిల్టరు మీది చేతిపంపు కొడుతున్నాడు, బుడగలు వస్తున్నాయి. నాయన మాత్రం, "పిల్లోణ్ణి తొందర పెట్టొద్దురా," అన్నాడు. నాయన ఆఖరి మాట అదే. అది కూడా నేను వినలేదనే చెప్పాలి.

"మరి చెప్పలేదేం? పదకొండో రోజు ఇంటికొచ్చినావు గదా!"

"చెప్పల్లనే వచ్చినా. ఆకులు అంగీ జోబులోనే పెట్టుకోని వచ్చినా." అతను అరచేతిలోకి చూస్తూ అన్నాడు. "గడప దాటకముందే నువ్వు లేచి దొంగ అంటివి. అందరూ తిరిగి చూసిరి. మూలన పెద్దమ్మ కూర్చోనుండాది, బొట్టు తుడిచిన మొగంతో. నేను ఆకులు తీసి చూపిస్తే దొంగతనం నా మింద నుంచి పోతాది. పోయి యాడ పడతాది? నన్ను అట్ల అన్న నోరు, ఆయమ్మను ఏమంటాదో అని బయమేసింది."

ఇంతకంటే పెద్ద తిట్టు నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టాలని అతను అన్నదీ కాదు.

"నేనేం దేవుణ్ణి గాదన్నా," వీరేషు మళ్లీ అన్నాడు, నేను ఏదో అనబోయానని. "మూత తీసి చూపిచ్చింది నేను. ఆ తప్పు గూడా ఉండె లోపల. తాడిపత్రిలో శానా దినాలు నిన్ను తిట్టుకోని గానీ అన్నం తినలే. మా నాయన పోతే మట్టి చేయనీకి వస్తే, ఊర్లో ఒగాయప్ప నన్ను చూసి తన బండి ట్యాంకుకు తాళముందో లేదో చూసుకునె. ఆ పొద్దు వచ్చి చెప్పేద్దునా అనుకున్నా. మీ వీధి మొగదాకా వచ్చినా. పెద్దమ్మ అరుగు మింద కూర్చోని తులసాకులు గిల్లుతాండె. ఎనక్కి పోతి."

నేను అతని చేతిలోంచి ఆకులు తీసుకున్నాను. స్వామిని అడగాలనిపించింది. నీ పాదాల మీద నుంచి దిగిన నీళ్లకు ఈ పని ఎందుకు అప్పగించావు? అడిగే మొహం నాకు లేదు. చెంబు వంచిన చేతిలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. ఇంజినుకు నీళ్లూ డీజిలూ తప్ప భక్తి తెలియదు, తెలియకపోవడం దాని తప్పు కాదు. వీళ్లందరిలో, తెలుసుకునే వీలుండీ తెలుసుకోనిది నేనొక్కణ్ణే. సగం నిండిన ట్యాంకు నాకు చెబుతూనే ఉంది. కొన్నాయన ముంచిన పుల్ల తడిసిందని ఆ రోజే చూశాను.

"వీరేషూ, నేను..."

"ఇప్పుడొద్దన్నా. బండి సూద్దాం పా. టమోటా ఎండకు మెత్తబడతాండాది." లేచి నిలబడి, మోకాళ్లు దులుపుకుని, నా చెవి దగ్గరగా అన్నాడు: "పెద్దమ్మకు మాత్రం జెప్పొద్దు. బంకులో నీళ్లు గలిసినాయని చెప్దాం."

"మళ్లా ఏడాది గూడా పోస్తాది గదరా."

అతను ఆలోచనలో పడ్డాడు. ఆ ఒక్కటీ అతనికి తట్టలేదు. "ట్యాంకు మూతకు తాళం ఏపిద్దాం," అన్నాడు చివరికి. ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారో ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఇద్దరం వేరే దిక్కులు చూశాం.

ఆకులున్న పిడికిలి మూసుకునే నేను ముందుకు నడిచాను. వీరేషు గిన్నె తుడిచి బిగించాడు, లోపలి ఫిల్టరు మార్చాడు. "పైపుల్లో గాలి పట్టింటాది," అన్నాడు, పనిమాటల్లోకి పోవడం అతనికి హాయిగా ఉన్నట్టుంది. "డీజిలు నలగదు, గాలి నలుగుతాది. గాలుంటే పంపు ఎంత తోసినా తోపు నాజిలు దాకా పోదు. గాలంతా బయటికి పంపల్ల."

క్యాబిన్ తలుపు చప్పుడైంది. అమ్మ దిగింది.

"పెద్దమ్మా, ఎండలోకి ఎందుకొస్తివి?" అన్నాడు వీరేషు గబగబా.

"కాళ్లు పట్టేసినాయి నాయనా." అమ్మ బండిని పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ మా దగ్గరికి కాక, ట్యాంకు వైపు పోయింది. అక్కడ బకెట్టు ఉంది. నేను దాన్ని ఒంపేయలేదు. ఎందుకు ఒంపేయలేదో ఇప్పటికీ చెప్పలేను.

ఆమె వంగి చూసింది. ఆపరేషనైన కళ్లు. బకెట్టులో పైన పచ్చగా డీజిలు, అడుగున నీళ్లు. అంచుకు ఒక తులసాకు ముక్క, మా ఇద్దరి కంటా పడనిది, అంటుకుని ఉంది. ఆమె దాన్ని వేలితో తీసింది. చాలాసేపు వేలి మీదే ఉంచుకుంది. గంగక్క మేకల్ని అదిలించడం కూడా ఆపేసింది.

"వీరేషా," అంది అమ్మ. గొంతులో ఏడుపు లేదు. పురాణం చెప్పే స్వామిని అడిగినట్టే, తెలుసుకోవాలని అడిగింది. "ఆ పొద్దు గూడా ట్యాంకులో ఇట్లనే నీళ్లుండెనా?"

వీరేషు నా వైపు చూశాడు. చెప్పమనీ చూడలేదు, వద్దనీ చూడలేదు. తొమ్మిదేళ్లు మోసింది అతను. ఇక మోయవలసింది ఎవరో అతని చూపు నాకే వదిలేసింది. తర్వాత ఫిల్టరు మీది గాలి తీసే స్క్రూ వైపు తిరిగి, చేయి వెనక్కి చాపాడు.

"పదో నంబరు ఇయ్యన్నా," అన్నాడు.

అతని సంచి నా కాళ్ల దగ్గరే తెరిచి ఉంది. పదో నంబరు పానా పైనే ఉంది, కొత్తది. నేను దాన్ని దాటుకుని క్యాబిన్ దగ్గరికి పోయాను. సీటు కింద అమ్మ నిన్న పూజలో పెట్టిన ఇనుప సామాను ఉంది: జాకీ, కొడవలి, సుత్తి. వాటి అడుగున, ఆ రోజు నా చేతిలోనే ఇంటికొచ్చి, పారేయలేక, తిరిగి ఇవ్వలేక, ఇన్నాళ్లూ దేవుని గూట్లో పటం వెనక నేను దాచితే, నిన్న అమ్మ బయటికి తీసి వాటితో కలిపిన పానా. పిడి మీద అతను గీక్కున్న 'వీ' అక్షరం. దాని మీద అమ్మ పెట్టిన కుంకుమ.

అమ్మ ఇద్దర్నీ చూస్తూ నిలబడే ఉంది, ఆకు వేలి మీదే ఉంది.

నేను ఆ పానాను వీరేషు అరచేతిలో పెట్టాను. అతను వెనక్కి తిరగలేదు. బొటనవేలు పిడి మీద జరిగి, అక్షరం దగ్గర ఆగింది. వేళ్లు దాని చుట్టూ మూసుకున్నాయి.